మోడల్ కారు పాడైందా? వీడియోలు ఆపి పెయింటింగ్ షెడ్డుకి వెళ్లండి

ప్రశ్న: "పాత కారు స్కేల్ మోడల్ కడుతున్నాను. మధ్యలో రంగు పాడైంది, అద్దం మసకబారింది, చిన్న భాగం ఒకటి ఎక్కడో పోయింది. ఇక వదిలేయాలనిపిస్తోంది. ఎవరికైనా ఇలా జరిగిందా? ఎలా బయటపడ్డారు?"

ఇక్కడ ఇప్పటికే జవాబు రాసినవాళ్లందరూ ఓపిక పట్టమన్నారు. ఒకాయన ధ్యానం కూడా చేయమన్నారు. ఓపికతో రంగు బాగుపడటం నేనైతే ఎప్పుడూ చూడలేదు. తెల్లబడిన రంగు, మీరు ఎంత ప్రశాంతంగా కూర్చుని చూసినా తెల్లగానే ఉంటుంది. మీకు కావలసింది ఆ పదార్థం గుణం తెలిసిన మనిషి. ఆ మనిషి మోడల్స్ కట్టేవాడు కానక్కర్లేదు. అసలు కాకపోతేనే మంచిదని నా గట్టి నమ్మకం. మోడల్స్ కట్టేవాళ్లం మనం ఆదివారాల్లో నేర్చుకున్నాం. లాకర్ రంగుతో, అద్దంతో, సన్న తీగతో రోజూ పని చేసి ఇల్లు నడుపుకునేవాళ్లు మీ వీధి చివరే ఉన్నారు.

నాది విశాఖపట్నం. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే కథంతా ఇక్కడి గాలిదే.

నేను కట్టింది జపాన్ మోడల్ కిట్ల కంపెనీ తమియా వాళ్ల 1/24 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1966 నాటి 1300 మోడల్. 1/24 అంటే అసలు కారులో ఒక అడుగు మన బల్ల మీద అర అంగుళం. బీటిల్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు, మోడల్‌లో సరిగ్గా 10 సెంటీమీటర్లు. బండి మొత్తం కలిపి జానెడు ఉండదు. భాగాలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి, అతకడంలో పెద్ద కష్టమేమీ లేదు. కష్టమంతా రంగుతోనే. ఈ కారు ఒళ్లంతా గుండ్రం. చదునుగా ఉండే కారులో తప్పు ఒక మూల దాక్కుంటుంది. దీని మీద లైటు ఎటునుంచి పడినా వంపంతా కనిపిస్తుంది.

అసలు సంగతికి వచ్చే ముందు ఒకటి చెప్పకుండా ఉండలేను. మన కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడల్, పసిపిల్లల మూడు చక్రాల సైకిలు, గుడ్డబొమ్మ అన్నీ ఒకే పద్దు, 9503. బొమ్మల మీద సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు కూడా తప్పనిసరి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే నాసిరకం బొమ్మలను ఆపడానికి అంటే మంచిదే. కానీ బట్టతల వచ్చిన నేను, కళ్లజోడు పెట్టుకుని బుల్లి వైపర్ అతికించుకునే నేను, ఏ లెక్కన పసిపిల్లాణ్ణి? ఇక తమియా వాళ్ల రంగు స్ప్రే డబ్బాలంటారా, లోపల మండే గ్యాసు ఉంటుందని విమానం ఎక్కనివ్వరు. అందుకని మనలాంటి వాళ్లు చాలామంది రంగు దగ్గరికి వచ్చేసరికి ఆటోమొబైల్ పెయింట్ల కొట్టు మీద పడతాం. నేనూ అక్కడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్, ముదురు నీలం, కొలిచి కలిపించుకుని తెచ్చుకున్నాను.

ఆగస్టు నెల. పొద్దున వాన పడి వెలిసింది, మధ్యాహ్నానికి ఫెళ్లున ఎండ కాసింది. మేడ మీద ప్రైమర్ ఆరిపోయి ఉన్న బాడీకి ఎయిర్‌బ్రష్‌తో, అంటే బుల్లి స్ప్రే గన్నుతో, నీలం కొట్టాను. తడిగా ఉన్నప్పుడు అద్దంలా మెరిసింది. ఆరుతున్న కొద్దీ బానెట్ మీద పాలపొరలాంటిది పాకింది. తర్వాత తలుపులు, పైకప్పు. సాయంత్రానికి ముదురు నీలం కారు మీద ఎవరో విభూతి చల్లినట్టయింది. గుడ్డతో తుడిస్తే పోదు, పాలిష్ పెడితే పోదు. అది పైన అంటుకున్నది కాదు, రంగు లోపలే ఉంది.

వీడియోలు చూశాను. చూసినవన్నీ ఎక్కడో చలిదేశాల్లో, గ్యారేజీలో హీటరు పెట్టుకున్న వాళ్లవి. "24 గంటలు ఆరనివ్వండి" అంటారు. ఇక్కడ ఆగస్టులో ఉప్పు డబ్బా మూత తీస్తే గంటలో ఉప్పు కారిపోతుంది. మన కోస్తా వాళ్లకి ఆ వీడియోలు పనికిరావు, నన్నడిగితే నిషేధించాలి.

మా ఇంటి దగ్గర ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు ఉంది. పైన రేకులు, చుట్టూ పాత బంపర్లు, ఎప్పుడూ ఎవరిదో ఒక ఆటో తలుపులు ఊడదీసి ఉంటుంది. అక్కడి పెయింటర్ అరవై దాటిన మనిషి. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అంతే. బాడీని చెప్పుల అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్లాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన చేతులు పాత బనియన్ గుడ్డకి తుడుచుకుని, బాడీని పెట్టెలోంచి తీసి, ఎండవైపు పట్టుకుని తిప్పి చూశాడు.

"ఏటి బాబూ, బండి ఇలగ చిన్నదైపోనాదేటి?" అన్నాడు. అంతే, జోకు అయిపోయింది. తర్వాత అంతా పనే. "గాల్లో నీరు తాగీసింది. థిన్నర్ ఎగిరినప్పుడు వేడి పట్టుకుపోద్ది. రంగు సల్లబడద్ది. సల్లబడిన కాడ నీరు కూకుంటాది."

చల్లటి మంచినీళ్ల గ్లాసు బయట చెమర్చినట్టే. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం నుంచి వేడి లాక్కుంటుంది, ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ అక్కడ నీరై ఆరీఆరని పొరలో ఇరుక్కుంటుంది. థిన్నర్ ఎంత తొందరగా ఎగిరితే అంత చల్లదనం. చౌక థిన్నర్లు మరీ తొందరగా ఎగురుతాయి. దీనికి మందు రిటార్డర్, అంటే నెమ్మదిగా ఎగిరే థిన్నర్. అదే కొట్టులో, నేను రంగు కొన్న అరలోనే, దానిపక్కనే ఉంది. కొట్టువాడు చెప్పలేదు. వాడు చెప్పడు కూడా, వాడి పని డబ్బా అమ్మడం.

బాబాయ్ తన పెద్ద గన్ను పక్కన పెట్టి, టచప్‌లకి వాడే చిన్న గన్ను తీశాడు. రిటార్డర్ ఒక్కటే, రంగు లేకుండా, దూరం నుంచి మంచులా పట్టించాడు. బానెట్ మీద తెల్లపొర కళ్లముందే కరిగి నీలం బయటికి వచ్చింది. రిటార్డర్ ఆ పొరను మళ్లీ మెత్తబరుస్తుంది, లోపలి నీరు బయటికి పోవడానికి టైమిస్తుంది. తలుపులు కూడా తేరుకున్నాయి. పైకప్పు దగ్గరికి వచ్చేసరికి, వాన కారే గాడి పక్కన రంగు ముడతలు పడింది. అక్కడ ప్రైమర్ పలచగా ఉంది. లాకర్ థిన్నర్ ఈ కిట్ల పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, ప్రైమర్ అడ్డుగా ఉన్నంత మేరకే రక్షణ.

"ఇది రేకు కాదు గదా, నాకు తెలీదు" అన్నాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. వీడియోల్లో ఆ మాట ఎవరూ అనరు. ముడత మీద పుట్టీ పెట్టి కప్పేద్దామా అని అడిగాను. ఒప్పుకోలేదు. మొత్తం దింపేసి మొదటినుంచి కొట్టాలన్నాడు. దింపడానికి ఏం వాడాలో మాత్రం నాకే వదిలేశాడు, ఎందుకంటే ఆయన వాడే పెయింట్ రిమూవర్ వేస్తే కారే కరిగిపోతుంది.

ఇక్కడ మాత్రం మోడల్స్ వాళ్ల పాత చిట్కా పనికొచ్చింది: బ్రేక్ ఆయిల్. డాట్ 3 రకం, ఏ స్పేర్ పార్ట్స్ కొట్టులోనైనా చిన్న సీసా దొరుకుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో బాడీ మునిగేలా పోసి రాత్రంతా ఉంచి, పొద్దున పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రంగు పొరలుపొరలుగా ఊడింది, ప్లాస్టిక్‌కి ఏమీ కాలేదు. చేతులకి గ్లవ్స్ వేసుకోండి. ఆ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, ఇంట్లోవాళ్లు నూనె అనుకునే ప్రమాదం ఉంది. ముడత దగ్గర మాత్రం ప్లాస్టిక్ కాస్త గరుకు తేలింది. దాన్ని 1000 నంబరు వాటర్ పేపర్‌తో, ఆ తర్వాత 2000తో నీళ్లు పోస్తూ అరగదీశాను.

రెండోసారి బాబాయ్ చెప్పినట్టే చేశాను. అట్టపెట్టెకి పక్కన కన్నం పెట్టి లోపల గుండు బల్బు వేలాడదీశాను. రంగు కొట్టే ముందు బాడీని అందులో వెచ్చబెట్టాలి, చెయ్యి ఆనిస్తే హాయిగా ఉండేంత, అంతకు మించి వద్దు, ప్లాస్టిక్ వంగుతుంది. కొట్టిన వెంటనే మళ్లీ పెట్టెలోకి. వెచ్చటి ఒంటి మీద నీరు కూర్చోదు. అన్నట్టు ఎల్ఈడీలు వచ్చాక ఈ గుండు బల్బు కోసం నేను తిరిగినంత, పెళ్లిసంబంధాలకి కూడా మా ఇంట్లో ఎవరూ తిరగలేదు. ఎల్ఈడీతో చాలినంత వేడి రాదు, తెచ్చుకుని మోసపోకండి.

రంగు మందం గురించి కూడా ఆయన దగ్గరే లెక్క కుదిరింది. అసలు కారు మీద ప్రైమర్, రంగు, పైన పారదర్శకమైన క్లియర్ పూత అన్నీ కలిపి సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు). అదే మందం 1/24 మోడల్ మీద పడితే, అసలు కారుకి రెండున్నర మిల్లీమీటర్ల పూత పూసినట్టు. తలుపు గీతలు పూడిపోయి కారు సబ్బుబిళ్లలా తయారవుతుంది. అందుకే "నీళ్లలాగ కలుపు, ఎక్కువసార్లు కొట్టు" అన్నాడు. కొట్టాను. ఈసారి పాలపొర రాలేదు. ఎండలో పెట్టి చూస్తే వంపు వెంట లైటు తెగకుండా జారింది. ఆయనకి చూపిస్తే వెనక ఇంజిన్ మూత అంచు దగ్గర వేలుపెట్టి "ఇక్కడ దుమ్ము" అన్నాడు. నిజమే, ఉంది.

మిగతా రెండు కష్టాలు తొందరగా చెప్పేస్తాను. కారు ముందువైపు అద్దం సూపర్ గ్లూ ఆవిరికి మసకబారింది. అది ఆ జిగురు గుణం, పారదర్శక ప్లాస్టిక్ దగ్గర దాన్ని తెరవనే కూడదు. కళ్లజోళ్ల షాపులో ప్లాస్టిక్ లెన్సులకి పాలిష్ పట్టే కుర్రాడు మెత్తటి చక్రం మీద, ఏదో ముద్ద రాసి, నేను చాయ్ తాగేలోపు తేటగా చేసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు, ఏ కారని మాత్రం అడిగాడు. దాన్ని తిరిగి అతికించింది ఫెవికాల్‌తో. ఆరితే అంచు దాదాపు కనపడదు, తేడా వస్తే గోరువెచ్చటి నీళ్లతో ఊడదీసుకోవచ్చు. తలుపు పిడి ఒకటి చీపురు పాలైంది. దానికి కంసాలి దగ్గరికి వెళ్లాను. వెండి తీగ ముక్కని సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, ఆకురాయితో అంచులు తీసి ఇచ్చాడు. కిట్‌లో వచ్చిన క్రోమ్ పిడి కంటే ఇదే బాగుంది, రెండోవైపుది కూడా పీకేసి ఇదే పెట్టించాను. వాడేసిన పళ్ల డ్రిల్లు బిట్లు డెంటిస్టులు పారేస్తారు, స్టెరిలైజ్ చేసి ఇమ్మని అడగండి, బుల్లి కన్నాలకి అంతకు మించినవి లేవు.

అసలు నాకు భయం వేసేది వేరే. ఈ షెడ్లే ఉండవేమో అని. ఇప్పుడు కారుకి గీత పడితే ఇన్సూరెన్స్ క్లెయిము, సర్వీస్ సెంటరు, తలుపు మొత్తం మార్చేయడం. ఎన్‌సీ లాకర్ వాడేవాళ్లు తగ్గి అంతా టూ-కే పీయూ రంగులకి, అంటే గట్టిపరిచే ద్రవం కలిపి వాడే పాలీయురెథేన్ రంగులకి, వెళ్లారు. అవి గట్టిగా నిలుస్తాయి, తెల్లబడే బాధ తక్కువ, కాదనను. కానీ చేతికి గాలి తేమ తెలిసే మనిషి ఎన్‌సీ దగ్గరే తయారయ్యాడు. బాబాయ్ కొడుకు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. తప్పు పట్టను, ఆ రంగు పొగ పీల్చి బాబాయ్ దగ్గే దగ్గు నేను విన్నాను. మీరు మాత్రం ఇంట్లో కొట్టినా కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోండి, గుడ్డ మాస్కు థిన్నర్ పొగని ఆపదు.

మీ రంగు ఎలా పాడైందో మీరు రాయలేదు. తెల్లబడితే రిటార్డర్, ముడత పడితే దింపేయడం, నారింజ తొక్కలా గరుకు తేలితే బాగా ఆరాక వాటర్ పేపర్, ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్. ఏదైనా సరే, ముందు బాడీ పట్టుకుని దగ్గర్లోని షెడ్డుకి వెళ్లండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్తే కాస్త తీరిగ్గా ఉంటారు.

ఇప్పుడు బాబాయ్‌కి బాకీ పడ్డాను. "ఈ దొరల బండి కాదు, మన అంబాసిడర్ చెయ్" అన్నాడు. 2014 మేలో కోల్‌కతా దగ్గరి ఉత్తరపాడాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా వచ్చిన బళ్లలో ఎన్నిటికి రంగు కొట్టాడో ఆయనకే లెక్కలేదు. కిట్‌తో కాదు, సొంతంగా చెక్కుదామనుకుంటున్నాను. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర మెత్తగా చెక్కుడు పడుతుంది. దాంతో అచ్చు చేసి, వేడిచేసిన ప్లాస్టిక్ షీటుని దాని మీద లాగాలని ఆలోచన. పైకప్పు వంపు వరకు కొలతలు దొరికాయి. మీలో ఎవరింట్లోనైనా మార్క్ 2 అంబాసిడర్ ఇంకా నిలబడి ఉంటే, బండి ముందువైపు జాలీ పక్కన స్కేలు పెట్టి, ఎదురుగా నిటారుగా నిలబడి ఒక ఫొటో తీసి కింద పెట్టండి. ఏటవాలుగా తీసినవి వద్దు, వాటినుంచి కొలతలు రావు.