కొడుకు మొదటి ఏడాది ఫీజుకి ఎఫ్‌డీ బ్రేక్ చేయొద్దు

ప్రశ్న: నా వయసు 51. హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. చేతికి నెలకు 92,000 వస్తుంది. ఇంటి ఖర్చు 36,000, హోమ్ లోన్ ఈఎంఐ 24,000 (ఇంకా తొమ్మిదేళ్లు, బాకీ దాదాపు 18 లక్షలు), తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి స్కూలు ఖర్చు 8,000. బాబుకి ఎప్‌సెట్ ర్యాంకుతో ప్రభుత్వ విశ్వవిద్యాలయం సొంత కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది. హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు 6 లక్షలు అవుతుంది. మంచి పేరున్న ఒక డీమ్డ్ యూనివర్సిటీలో కూడా ఈసీఈ వచ్చింది. అక్కడ ఏడాదికి 7 లక్షలు, మొత్తం 28 లక్షలు. బాబుకి అదే కావాలి. నా ఆలోచన ఇది: ఎఫ్‌డీ 6 లక్షలు తీసి, తెలిసినాయన దగ్గర లక్ష కలిపి మొదటి ఏడాది కట్టేస్తాను. రెండో ఏడాది నుంచి బ్యాంకు లోను 16 లక్షలు, తగ్గిన 5 లక్షలు మళ్లీ ఆయన దగ్గరే రెండు రూపాయల వడ్డీకి. సీటు పోకుండా ఆ లక్ష ఇప్పటికే నోటు రాసి తెచ్చి కట్టాను. ఇన్సూరెన్స్ అంటే మా ఆఫీసు ఇచ్చిందే ఉంది. ఇది సరైన పనేనా?

జవాబు: సరైన పని కాదండీ. విశ్వవిద్యాలయం సీటు తీసుకోండి. ఏ కాలేజీ గొప్పదన్న చర్చకు పోకుండానే, మీరు రాసిన అంకెలను బట్టే ఈ మాట చెబుతున్నాను. ఏటా ఈ సీజన్లో చాలా ఇళ్లలో జరిగే పొరపాటే మీ లేఖలోనూ ఉంది. మొదటి ఏడాది ఫీజు ఎలాగోలా సర్దితే మిగతా మూడేళ్లు అవే గడుస్తాయని అనుకుంటారు. ఆ సర్దుబాటుకి అందరికంటే ముందు బలయ్యేది ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఎఫ్‌డీ.

మీ ఇంట్లో ఆపడానికి వీల్లేని ఖర్చు నెలకు 68,000. ఉద్యోగం పోతే ఆరు నెలలు నిలబడాలంటే 4.08 లక్షలు కావాలి. చదువు మొదలయ్యాక దీనికి ఒక ఏడాది ఫీజు కూడా కలపాలి. 51 ఏళ్ల వయసులో ఇంకో ఉద్యోగం రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు, సెమిస్టర్ ఫీజు గడువు మాత్రం ఆగదు. విశ్వవిద్యాలయంలో ఏడాదికి 1.5 లక్షలు కాబట్టి మీకు కావలసిన అత్యవసర నిధి దాదాపు 5.6 లక్షలు. ఎఫ్‌డీలో 6 లక్షలు ఉన్నాయి, సరిపోయింది. డీమ్డ్ యూనివర్సిటీకి అదే నిధి 11 లక్షలు ఉండాలి. మీరేమో అది 11 చేయాల్సిన సమయంలో సున్నా చేస్తానంటున్నారు.

నెలవారీ లెక్క ఇంకా గట్టిగా చెబుతుంది. ఖర్చులు పోను మీకు మిగిలేది 24,000. విశ్వవిద్యాలయం ఖర్చు నెలకు 12,500 పడుతుంది. అంటే అప్పు లేకుండా, ఎఫ్‌డీ ముట్టుకోకుండా, జీతంలోంచే బాబు బీటెక్ అయిపోతుంది. ఇంకా 11,500 మిగులుతుంది, అది దేనికో కింద చెబుతాను. మీ ప్లాను ప్రకారం నాలుగో ఏడాదికి వచ్చేసరికి 16 లక్షల లోనుకి 10.5 శాతం చొప్పున వడ్డీయే నెలకు 14,000, చేతి అప్పు 6 లక్షలకు వడ్డీ 12,000. కలిపితే 26,000. మిగిలేది 24,000. ప్రతి నెలా రెండు వేలు తక్కువ. అప్పటికి ఎఫ్‌డీ ఉండదు, అమ్మాయి ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటుంది, దాని ఫీజు ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఆ మరుసటి ఏడాదే ఆమె డిగ్రీ మొదలవుతుంది.

బ్యాంకు వడ్డీ చదువు అయ్యాక చూసుకుందాం అనుకుంటే, కోర్సు తర్వాత ఏడాది మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని గడువు) ముగిసేసరికి బాకీ 16 లక్షలు కాస్తా 21 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ 28,400. అప్పటికి మీకు 56 దాటుతుంది. మీ కంపెనీలో రిటైర్మెంట్ 58కే అయితే హోమ్ లోను ఆ తర్వాత కూడా రెండేళ్లు నడుస్తుంది. విద్యా రుణంలో మీరు సహ రుణగ్రహీత. బాబుకి ఉద్యోగం ఆలస్యమై వాయిదా తప్పితే ఇద్దరి సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది.

ఇక రెండు రూపాయల వడ్డీ సంగతి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు అడిగేదానికి రెట్టింపు దాటింది. 6 లక్షలకు ఏడాదికి 1.44 లక్షలు కడతారు, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. ఫీజులాంటి ఖర్చుకి ఈ అప్పు ఎందుకు చేయకూడదంటే, చదువు పూర్తయి జీతం వచ్చేదాకా దాన్ని తీర్చే దారి కనిపించదు. అందుకే నోటుపై కోర్టుకి వెళ్లే మూడేళ్ల కాలపరిమితి దాటకుండా అప్పిచ్చినాయన మధ్యలో కొంత కట్టినట్టు నోటు మీద చెల్లు వేయించుకుంటాడు, లేదా వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తాడు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు, ఇంటి కాగితాలు అడగడం ఆ తర్వాతి మెట్టు. తెలిసినాయన అని మీరు రాశారు. మంచివాడైనా ఆయన కూతురి పెళ్లి వచ్చిననాడు మొత్తం ఒకేసారి అడుగుతాడు. అడిగే హక్కు ఆయనకుంది, ఇచ్చే డబ్బు మీ దగ్గర ఉండదు. దయచేసి ఈ దారి పూర్తిగా మానుకోండి.

మీ ప్లానులో ఇంకో పెద్ద చిల్లు ఉంది. రెండో ఏడాదికి లోను మంజూరవుతుందని ఇప్పుడే నమ్ముతున్నారు. 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకులు మామూలుగా ఆస్తి హామీ అడుగుతాయి. మీ ఇల్లు ఇప్పటికే తాకట్టులో ఉంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన కేంద్రం విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద హామీ లేకుండా లోను దొరకవచ్చు, కానీ ఆ సంస్థ పథకం జాబితాలో ఉండాలి, సీటు ప్రతిభ ఆధారంగా వచ్చినదై ఉండాలి. 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారికే, మీది దాటింది. మొదటి ఏడాదిలో రెండు సబ్జెక్టులు మిగిలితే బ్యాంకు మేనేజరు మొదట చూసేది ఆ మార్కుల మెమోనే. మంజూరు పత్రం చేతికి రాకుండా ఎఫ్‌డీ కరిగించి చేరడమంటే, 7 లక్షలు కట్టాక వెనక్కి రాలేని చోట ఇరుక్కోవడమే.

పోనీ చేతి అప్పు లేకుండా మొత్తం బ్యాంకు నుంచే తెస్తే? అదీ లెక్క కట్టాను. మీ చేతి నుంచి పెట్టాల్సిన 5 శాతం మార్జిన్ పోను 26.6 లక్షల లోను. చదువుతుండగా వడ్డీ కడుతూ పోతే నాలుగో ఏడాదికి నెలకు 23,300, అంటే మీకు మిగిలేదంతా దానికే. కట్టకుండా వదిలేస్తే మారటోరియం తర్వాత ఈఎంఐ 49,000. పైగా 28 లక్షలన్నది ఇవాళ్టి ఫీజుతో వేసిన లెక్క. ఏటా 5 శాతం పెరిగితే 30 లక్షలు దాటుతుంది. కాబట్టి మీ జీతానికి ఆ సీటు బ్యాంకు దారిలోనూ అందదు. కొత్త పన్ను విధానంలో ఉంటే విద్యా రుణ వడ్డీపై పన్ను మినహాయింపు కూడా రాదు.

పేరున్న చోట ప్యాకేజీ ఎక్కువ కదా అంటారు. బ్రోచర్‌లో ఉండే అత్యధిక ప్యాకేజీ ఒకరిద్దరిది. కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి కాలేజీలు ఇచ్చే వివరాల్లో ప్లేస్‌మెంట్ వచ్చినవారి సంఖ్య, వారి మధ్యస్థ జీతం ఉంటాయి, రెండు సంస్థలవీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఈసీఈ ఒక్కదాని లెక్క వేరుగా అడగండి, అన్ని బ్రాంచీల సగటు మీకు పనికిరాదు. కంపెనీ చెప్పే మొత్తం ప్యాకేజీ (సీటీసీ)లో జాయినింగ్ బోనస్, షేర్లు ఎంత కలిపారో కూడా అడగండి, ఈఎంఐ కట్టేది చేతికొచ్చే జీతంతోనే. నెలకు 49,000 ఈఎంఐ ఉన్న కుర్రాడు రెండో ఏడాదే నచ్చిన ఉద్యోగానికి మారలేడు, పీజీకి వెళ్లలేడు. అప్పులేని కుర్రాడు గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్‌తో ఆ పేరు కూడా సంపాదించుకోగలడు. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ 1929 నాటిది, కాకినాడ, అనంతపురం కాలేజీలు 1946 నాటివి. పూర్వ విద్యార్థుల విషయంలో వాటికి లోటేమీ లేదు.

విశ్వవిద్యాలయం సీటులో చూసుకోవాల్సినవి రెండే. అలాట్‌మెంట్ లెటర్‌లో సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా చూడండి, ఫీజు తేడా చాలా ఉంటుంది. హాస్టల్ గది స్థానికులకు దొరకకపోవచ్చు, బయట ఉండాల్సివస్తే 6 లక్షల లెక్క మారుతుంది.

ఇప్పుడు మిగిలిన ఆ 11,500 సంగతి. ఇందులో మొదటి ఖర్చు మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ, 60 ఏళ్లు వచ్చేదాకా. ఇంటి ఖర్చు, అమ్మాయి చదువు పదేళ్లకు 53 లక్షలు, హోమ్ లోను 18 లక్షలు, ఇద్దరి పై చదువులు కలిపితే అంత కావాల్సిందే. బీపీ, షుగరు, సిగరెట్ ఏదున్నా దరఖాస్తులో దాచకండి, దాచితే క్లెయిము దగ్గర మీ ఆవిడే ఇబ్బంది పడుతుంది. విద్యా రుణంతో పాటు బ్యాంకులు అంటగట్టే పాలసీ దీనికి బదులు కాదు. చాలాసార్లు అది విద్యార్థి ప్రాణానికి తీసుకునేది, దాని ప్రీమియాన్ని లోనులోనే కలిపి వడ్డీ వేస్తారు. మీ ఇంట్లో సంపాదించేది మీరు, బీమా ఉండాల్సింది మీ మీద. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి ఇంట్లో అందరికీ కలిపి ఒక సొంత ఆరోగ్య పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటరు) ఇప్పుడే తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండాలి, 58 నాటికి ఆ గడువు దాటిపోయి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ లేదు. ప్రీమియాలు పోను మిగిలింది ప్రతి నెలా అత్యవసర నిధిలోకే.

ఆ 6 లక్షల ఎఫ్‌డీ ఒకే ముక్కగా ఉంటే గడువు తీరాక లక్ష చొప్పున ఆరు చేయండి. లక్ష అవసరమైతే ఒక్కటే బ్రేక్ చేస్తారు, మిగతావాటి వడ్డీ దెబ్బతినదు. ఖాతా మీ ఇద్దరి పేర్ల మీద, ఎవరైనా తీసుకునే పద్ధతిలో ఉండాలి. ఇంట్లో బంగారం ఉంటే అది ఆ నిధి కూడా చాలని రోజుకి, ఫీజుకి కాదు. ఫండ్లు, షేర్లు, చీటీలు నిధి నిండాక ఆలోచిద్దాం.

ఈ వారంలోనే డీమ్డ్ యూనివర్సిటీ సీటు రద్దు గడువు తేదీ కనుక్కోండి. రద్దు మెయిల్ ద్వారా చేసి రసీదు తీసుకోండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే అదే రోజు వెనక్కి అడగండి, వాటిని ఆపే హక్కు వాళ్లకు లేదు. గడువులోపు రద్దయితే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఫీజు పోను డబ్బు తిరిగి రావాలి. అది వచ్చేదాకా లక్షకు నెలకు రెండు వేలు వడ్డీ కట్టుకుంటూ కూర్చోవద్దు. ఈ ఒక్క పనికి మాత్రం ఎఫ్‌డీ ముట్టుకోండి. ఆ లక్ష ఇచ్చేసి నోటు, చెక్కులు ఇచ్చి ఉంటే అవీ వెనక్కి తీసుకుని మీ చేతులతోనే చింపేయండి. యూనివర్సిటీ నుంచి రీఫండ్ రాగానే అదే మొత్తంతో కొత్త ఎఫ్‌డీ వేయండి.