చేతులు ఊపడానికీ చదువు కావాలా?

ప్రశ్న: మేం చెన్నైలో ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ టూ. వయొలిన్‌లో లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే పరీక్షల్లో ఏడో గ్రేడ్ పాసైంది. వాయిద్య బృందం ముందు నిలబడి నడిపించే ఆర్కెస్ట్రా కండక్టర్ అవుతానంటోంది. చేతులు ఊపడానికి చదువెందుకండీ? బీటెక్‌లో చేర్చి, పక్కన మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా చేయించాలా, పూర్తిగా సంగీతానికే పంపాలా? ఏది మేలు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి, వాయిద్యం పేరు ఒక్కటే మారుతుంది. మీరడిగింది కోర్సుల గురించే గానీ, అసలు టెన్షన్ అమ్మాయి రేపు ఎలా బతుకుతుందని. అది ఈ ఏడాదే తేలక్కర్లేదు. ప్రపంచ ప్రసిద్ధ కండక్టర్ జుబిన్ మెహతా కూడా ముంబయిలో వైద్యం వైపు చదువు మొదలుపెట్టి, మానేసి, వియన్నా వెళ్లారు. అక్కడ కండక్టింగ్‌తో పాటు డబుల్ బేస్ (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాయిద్యం) నేర్చుకున్నారు. (హడలిపోకండి, ఆయన తండ్రే వయొలిన్ విద్వాంసుడు.)

'చేతులు ఊపడం' అన్నందుకు మాత్రం మీ మీద కోపమొచ్చింది. ఆర్కెస్ట్రా కోసం బీథోవెన్ రాసిన ఐదో సింఫనీ ఆరంభం వినండి. స్వరం కంటే ముందు చిన్న ఖాళీ ఉంటుంది. అక్కడ కండక్టర్ చెయ్యి స్పష్టంగా కదిలితేనే అందరూ ఒక్కసారి అందుకోగలరు. మూడు పొట్టి స్వరాలు, తర్వాత ఒక పొడుగు స్వరం. దాని మీద ఎంతసేపు ఆగాలో బీథోవెన్ కొలిచి చెప్పలేదు. వేగానికి మెట్రోనోమ్ (తాళం కొలిచే పరికరం) లెక్కలో నిమిషానికి 108 అని ఇచ్చాడు, అది మరీ ఎక్కువని తగ్గించేవాళ్లున్నారు. వాయించేవాళ్ల ముందు తమ వరస ఒక్కటే ఉంటుంది, అన్ని వాయిద్యాల వరసలూ కలిపి రాసి ఉండేది కండక్టర్ ముందుండే స్కోరు పుస్తకంలోనే. ఫ్లూట్‌ను ట్రంపెట్లు మింగేస్తుంటే ఆపించి, ఫలానా బార్ (తాళం గడి) నుంచి మళ్లీ వాయించమనాలి. కచేరీకి ముందు దొరికేవి చాలాసార్లు మూడు నాలుగు రిహార్సల్సే. అందుకే అసలు పని అంతకుముందే, స్కోరు ముందు కూర్చుని జరగాలి.

ఇక మ్యూజిక్ ప్రొడక్షన్, అంటే కంప్యూటర్‌లో సంగీతం తయారుచేయడం. సంగీతం అన్న ప్రతి పిల్లనూ రాజీ కింద అక్కడికే తోస్తున్నారు. అదీ ఒక విద్యే, కాదనను. కానీ కంప్యూటర్‌లోని వయొలిన్లు ఆలస్యంగా రావు, ఎదురు చెప్పవు. పదిమందితో కలిసి వాయించడం అక్కడ అలవడదు. స్టూడియో ఫొటోలు చూసి ఫీజు కట్టకండి, అక్కడ చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కోండి.

బీటెక్ తప్పేం కాదు, ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ అయితే. వయొలిన్ రోజూ చేతిలో ఉండాలి. ఆర్కెస్ట్రాల్లో ఉద్యోగాలు తక్కువే, దాచను. 2006లో ముంబయిలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా లాంటివి మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టాలి. 2008లో రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల మీ ఊళ్లోనే ఉంది, ఇద్దరూ వెళ్లి మాట్లాడి రండి. ఏదో ఒక ఆర్కెస్ట్రాలో వెనక కుర్చీలో అయినా వాయించనివ్వండి. ఐదో సింఫనీ స్కోరు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీసివ్వండి. ఆరు నెలల తర్వాత కూడా దాన్ని వదలకుండా పట్టుకుని కూర్చుంటే మళ్లీ రాయండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.