సున్నం గీతలా, ఏటిగట్టా?

(ఆటల గురించి పాఠకుల ప్రశ్నలకు కోనసీమకు చెందిన రిటైర్డ్ పీఈటీ మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి పదమూడేళ్లు. రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. స్కూలు పోటీల్లో వందా, రెండొందల మీటర్ల పరుగుల్లో ఎప్పుడూ తనదే ఫస్టు. ఈ ఏడు కొత్తగా వచ్చిన పీఈటీ గారు "పిల్లకి దమ్ముంది, క్రాస్‌కంట్రీకి పంపండి" అంటున్నారు. ట్రాక్ వదిలి పొలాలూ గట్లంట దూరం పరిగెత్తే పోటీ అట. మావారేమో "గెలిచేది మానేసి గట్లంట పరిగెత్తడమేంటి?" అంటారు. రెండూ చేయిస్తే చదువు దెబ్బతింటుందని నాకు టెన్షన్. ఏది మంచిదంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఫస్టు ప్రైజుల సంగతి తేల్చుకుందాం. మీవారికి కోపం వస్తే రానివ్వండి. పదకొండు, పన్నెండేళ్లకే పొడుగు సాగిన ఆడపిల్లలు ఆ వయసులో వందా, రెండొందలూ అలవోకగా కొట్టేస్తారు. పక్క లైన్లో పిల్ల ఇంకా ఎదగలేదు, అంతే. రెండేళ్లు పోతే ఆ పిల్లా సాగుతుంది. అప్పుడు "మా అమ్మాయి స్పీడు పోయింది మాస్టారూ, దిష్టి తగిలింది" అంటూ వస్తారు తల్లిదండ్రులు. స్పీడు ఎక్కడికీ పోదు, మిగతావాళ్లు అందుకుంటారు. కాబట్టి ఎనిమిదో తరగతి ప్రైజు చూసి పిల్లని స్ప్రింటర్ (తక్కువ దూరాల వేగం పరుగు మనిషి) అని ఖాయం చేసేయకండి.

పీఈటీ గారు దమ్ముందన్నారంటే ఏదో చూసే ఉంటారు. మీరూ ఓ సాయంత్రం వెళ్లి చూడండి. 600 మీటర్లు పరిగెత్తించమని అడగండి. మన స్కూలు గ్రౌండ్లలో సున్నంతో గీసేది చాలాచోట్ల 200 మీటర్ల ట్రాకే కనక మూడు రౌండ్లవుతుంది. మొదటి రౌండు ఎవరైనా ఉరుకుతారు. చూడాల్సింది మూడో రౌండు ఆఖరి మలుపు. అక్కడ భుజాలు చెవుల దాకా లేచిపోయి, మెడ బిగిసి, చేతులు అడ్డంగా ఊగుతున్నాయంటే దూరం ఇంకా అలవాటు కాలేదని. మొహం వాడిపోయినా అడుగుల చప్పుడు మొదటి రౌండులో ఎలా ఉందో అలాగే ఉందనుకోండి, అది దూరం పోయే కాలు. నేనైతే కళ్లు మూసుకుని ఆ చప్పుడే వినేవాణ్ణి. మాస్టారు కునుకు తీస్తున్నారని పిల్లలు నవ్వుకునేవారు.

క్రాస్‌కంట్రీని మీవారు మరీ తేలిగ్గా తీసేశారు. ట్రాక్ మీద 400 మీటర్లంటే తణుకులోనైనా టోక్యోలోనైనా అంతే, టైముకి టైము పోల్చి చూసుకోవచ్చు. క్రాస్‌కంట్రీలో గడ్డి, బురద, ఎత్తుపల్లాలు, ఏది తగిలితే అది దాటాలి. ఒక చోటి టైముకీ ఇంకో చోటి టైముకీ పొంతన ఉండదు. ఎన్నో స్థానంలో వచ్చారన్నదే లెక్క. జట్టు పోటీలో ఆ స్థానాలు కూడి, మొత్తం తక్కువ వచ్చినవాళ్లని గెలిపిస్తారు. అందుకే ముప్ఫయ్యో స్థానంలో వచ్చే పిల్ల కూడా ముందున్న పిల్లని దాటడానికి ప్రాణం పెడుతుంది. నాకు ఈ ఆట మీద ఇష్టం అక్కడే. స్ప్రింటులో ఆ ఊరట ఉండదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉషకి కాంస్యం సెకనులో వందో వంతు తేడాతో తప్పిపోయింది.

అసలు ఈ రెండింటికీ గొడవే లేదు. మన దేశపు రన్నర్ అవినాష్ సాబ్లే 2015లో ఆర్మీ క్రాస్‌కంట్రీతో మొదలుపెట్టి తర్వాత స్టీపుల్‌ఛేజ్‌కి (ట్రాక్ మీద అడ్డుకర్రలూ నీటిగుంటా దాటుతూ పరిగెత్తే పోటీకి) వచ్చాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం కొట్టాడు. పొలాల్లో పెంచుకున్న దమ్ము ట్రాక్ మీద పనికొస్తుంది. అలాగని ట్రాక్ వదిలేయమనడం లేదు. మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 400 మీటర్ల పరుగుతోనే 2024 పారిస్ ఒలింపిక్స్ రిలే జట్టులో ఉంది. ఆటల సర్టిఫికెట్ల లెక్క చూసుకున్నా ట్రాక్‌లో ఈవెంట్లు ఎక్కువ, అవకాశాలూ ఎక్కువే.

నా మాట: ఈ చలికాలం క్రాస్‌కంట్రీకి పంపండి. రెండొందలు మానక్కర్లేదు, వారానికోసారి స్పీడు పరుగులు ఉంచండి. వచ్చే ఏడు 800 చూద్దురుగాని. స్పీడున్న పిల్లకి దమ్ము కూడా తోడైతే 800లో పట్టుకోవడం కష్టం. చదువంటారా, ఉదయం గంట సేపు పరుగుతో పోయే మార్కులు సెల్‌ఫోన్ ముందు పోయే మార్కులకంటే తక్కువే!

ఇక మన నేల సంగతి. డెల్టాలో కొండ లేదు, ఏటిగట్టే కొండ అనుకోవాలి. బళ్లు దిగే వాలు దగ్గర పైకి పరుగు, కిందికి నడక. సార్వా కోతలయ్యాక చేలోకి దిగనివ్వకండి, వరి మోళ్లు పాదాలు చీరేస్తాయి. దాళ్వా ఊడ్పులప్పుడు గట్లు తొక్కితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. కొబ్బరితోట బాట మెత్తగా బాగుంటుంది కానీ కాయల దింపు తీసే రోజు అటు వెళ్లొద్దు. ఎండకి మాత్రం భయపడాలి. 1924 పారిస్ ఒలింపిక్స్ క్రాస్‌కంట్రీలో 38 మంది బయల్దేరితే వేడికి తట్టుకుని చివరికంటా వచ్చింది 15 మందే. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆ పోటీయే ఎత్తేశారు. మన ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే తెల్లారకముందే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఇంటికి రావాలి.

ఇంకో సంగతి, ఇది తల్లులకే చెప్పాలి. ఒట్టి కాళ్లతో మట్టిలో తిరిగితే కొంకిపురుగు పాదం చర్మంలోంచి లోపలికి పోయి రక్తం తాగుతుంది. నెలసరి మొదలైన పిల్లకి అది ఇంకా దెబ్బ. బాగా పరిగెత్తే పిల్ల ఉన్నట్టుండి ఆయాసపడుతుంటే బద్ధకమని తిట్టకండి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. స్కూల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించండి.

అన్నట్టు, మీ ఉత్తరంలో పీఈటీ గారి మాట ఉంది, మీవారి మాట ఉంది, మీ టెన్షన్ ఉంది. పిల్ల ఏమంటోందో రాయలేదు. అడిగి, మళ్లీ రాయండి.

ప్రశ్న: మాస్టారూ, నేను పాలకొల్లు దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్నాను. 1500, క్రాస్‌కంట్రీ రెండూ పరిగెత్తుతాను. నాన్నగారు ఒక్క జత బూట్లే కొంటానన్నారు. స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) కొనమంటారా?

జవాబు: వద్దు బాబూ. నువ్వు రోజూ పరిగెత్తేది సింథటిక్ ట్రాక్ మీద కాదు కదా. మామూలు రన్నింగ్ షూసే కొనుక్కో. సాయంత్రం వెళ్లి కొను, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. మన బంకమట్టి అట్ట కట్టకముందే కడిగేసి, లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టు. పొయ్యి దగ్గర పెట్టావంటే జిగురు ఊడి అడుగు లేచిపోతుంది. స్పైక్స్ కావాల్సిన పోటీకి ఎంపికైతే అప్పుడు మీ పీఈటీ గారిని అడుగు, సీనియర్ల పాత జత ఏదో ఒకటి దొరుకుతుంది. సైజు మాత్రం చూసుకో.