కలగూరకు ఇంత పేరెందుకు?

సందేహం: మేముండేది బెంగళూరులో. వానలు పడ్డాక మా అపార్ట్‌మెంట్‌లో కొందరం ఊరి బయటికెళ్లి, పొలం గట్ల మీద తమంతట తామే మొలిచే ఆకులు గుర్తుపట్టి కోసుకురావాలనుకున్నాం. ఇంగ్లీషులో ఫోరేజింగ్ అంటారు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో 'వన్యాహార సేకరణ యాత్ర' అని పెట్టాను. మా అత్తగారు చదివి, "కలగూర తెచ్చుకోవడానికి ఇంత పేరెందుకమ్మా?" అని నవ్వారు. కలగూర అనే మాట నిజంగా ఉందా? 'కలగూరగంప' అని వెక్కిరింపుగా వాడతారు కదా, రాస్తే బాగుంటుందా? ఇంకొకటి: తుమ్మికూర, తుమ్మకూర, ఏది ఒప్పు?

సమాధానం: ముందుగా మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

'వన్యాహార సేకరణ యాత్ర' తప్పు కాదు. సమాసం శుభ్రంగానే ఉంది, చదివితే మాత్రం టెండరు నోటీసులా ఉంది. ఈ 'సేకరణ' ఒకటి మన నెత్తికెక్కి కూర్చుంది. ధాన్యం సేకరణ, భూసేకరణ, చెత్త సేకరణ అయ్యాయి, ఇప్పుడు చెంచలికూర కూడానా? మనం ఆకు కోస్తాం, చింతచిగురు దూస్తాం, పుట్టగొడుగులు పీకుతాం, దుంప తవ్వుతాం, రాలిన రేగుపళ్లు ఏరుకుంటాం. ఏ పనికి ఆ మాట ఉంది. అన్నిటినీ ఒక్క నామవాచకంలో కుక్కాలన్న అవసరం మన పల్లెల్లో ఎవరికీ రాలేదు. కట్టెలకు పోయింది, నీళ్లకు పోయింది, గడ్డికి పోయాడు అన్నారు. కావలసిన వస్తువు పేరు చెప్పి, 'కు' తగిలించి, బయలుదేరారు. మీ గ్రూపులో 'ఆదివారం కలగూరకు వెళ్దాం' అని పెట్టి ఉంటే సరిపోయేది.

కలగూర అంటే పలురకాల ఆకులు కలిపి వండే కూర. కలయు ధాతువులోని 'కల'కు 'కూర' చేరింది. కలగాపులగంలో ఉన్నదీ ఈ 'కల'నే అనుకుంటాను. బెంగళూరులో మీ పక్కింటివాళ్లు 'బెరకె సొప్పు' అనేది సరిగ్గా ఇదే. బెరకె అంటే కలగలుపు. మన పాత తెలుగులోనూ 'బెరయు' అంటే కలియడమే. సొప్పు అనగానే తెలుగు చెవికి పశువులకు వేసే చొప్ప గుర్తొస్తుంది. రెండూ చుట్టాలే కావచ్చు, నేను పందెం మాత్రం కాయను.

ఇక 'కూర' అనే మాటకే మొదట ఆకుల సంబంధం ఎక్కువ. తోటకూర, చుక్కకూర, గోంగూర, పొన్నగంటికూర చూడండి. 'కూరగాయలు' అన్నప్పుడు కూర వేరు, కాయ వేరు. తరవాత వంకాయతో వండినదీ కూరే, కోడితో వండినదీ కూరే అయింది. అప్పుడు పాపం అసలు కూర తన ఉనికి చాటుకోవడానికి 'ఆకుకూర' అని ముందొక ఆకు తగిలించుకోవలసి వచ్చింది. ఇప్పుడు దాన్నీ 'లీఫీ కర్రీ' అంటున్న ఇళ్లు చూశాను. వాళ్లతో నాకు పేచీ లేదు, భోజనానికి పిలిస్తే మాత్రం వెళ్లను.

ఇంతదూరం వచ్చాక రాయలవారిని తలవకుండా ఉండలేను. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో వర్షర్తు వర్ణన ఉంది. అందులో ఈ పద్యం ఎత్తుగడ:

గురుగుం జెంచలి దుమ్మి లేఁదగిరిసాకుం దింత్రిణీపల్లవో
త్కరముం గూడఁ బొరంటి నూనియలతోఁ...

గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు. ఐదూ కలిపి నూనెలో పొరటి, ఆవిరి కక్కే అరికెల అన్నంతో మెక్కారట రెడ్లు. పశువులు మేతకు పోయాయి. జడివాన. దూడలు ఒళ్లు నాకుతుంటే మేకపెంటికల కుంపటి పెట్టిన మంచం ఎక్కారు. కలగూర అన్న మాట పద్యంలో లేదు, గిన్నెలో ఉన్నది మాత్రం కలగూరే. 1509 నుంచి 1529 వరకు సామ్రాజ్యం ఏలిన మనిషికి గట్టు మీది ఐదు ఆకులు పేరుపేరునా తెలుసు. ఆ అరికెలనే ఇవాళ మీ ఊళ్లో సిరిధాన్యమంటూ ప్యాకెట్లలో కొంటున్నారు.

ఆ 'లేఁ' చూశారా? మిగతా ఆకులకు పెట్టని విశేషణం తగిరిసకే పెట్టాడు. తగిరిస తొలకరికి మొలుస్తుంది. లేతగా ఉన్నన్నాళ్లే కూర, ముదిరితే చేదు. ఛందస్సు కోసం వేసిన అక్షరం కాదది, వండి తిన్నవాడి అక్షరం. 'పొరంటి' కూడా అంతే. పొరటు అనే మంచిమాట మనకిప్పుడు కోడిగుడ్డు దగ్గర మాత్రమే మిగిలింది. చింతచిగురు సంగతే కొంచెం ఆలోచించాలి. అది ముఖ్యంగా ఎండాకాలపు సరుకు. వానల్లో మళ్లీ ఇగిర్చినదా, ఎండబెట్టి దాచుకున్నదా అన్నది రాయలు చెప్పలేదు. 'పల్లవం' అన్నాడు కాబట్టి పచ్చిదేనని నా మొగ్గు. శ్రీనాథుడిదిగా చెప్పే చాటువులోనూ చింతచిగురు ఉంది. బచ్చలికూరలో అది వేసి జొన్నకూటితో పెడితే ఆయన శ్రీకృష్ణుడికే సవాలు విసిరాడు, ఒక్క ముద్ద మింగి చూడమని. శ్రీనాథుడికి విసుగు, రాయలకు లొట్టలు. నా ఓటు రాయలకే.

గురుగు గురించి ఒక మాట. నాలుగేళ్ల కిందట శ్రావణమాసంలో మీ ఊరి గాంధీ బజారులో ఒకావిడ తడి గోనెపట్టా మీద బెరకె సొప్పు పోసుకు కూర్చుంది. కోలారు వైపు తెలుగు. నేను ఒక్కో ఆకూ ఎత్తి పేరు అడిగాను. సన్నగా కోసుగా ఉన్నది గురుగాకు, కాడ ఎర్రబారినది చెంచలాకు అని చెప్పింది. గురుగు ఒక్కటే విడిగా ఇమ్మంటే, "ఒక్కటే వండితే ఏం రుచి సామీ, అన్నీ కలిస్తేనే" అని గుప్పెడు అన్నీ కలిపి సంచిలో వేసింది. మళ్లీ చేయి పెట్టి, కంకి వేసిన కొమ్మ ఒకటి తీసి పక్కన పారేసింది. పువ్వొస్తే కూరకు పనికిరాదట. తెలంగాణలో ఆశ్వయుజంలో బతుకమ్మకు పేర్చే గునుగు పువ్వు ఈ మొక్కదే. వానాకాలం కంచంలో, శరత్తులో బతుకమ్మ మీద. గురుగు, గునుగు ఒకే మాటకు రెండు రూపాలా? మొక్క ఒకటే కాబట్టి అవునని తోస్తుంది. ర, న అలా మారడానికి నాకు ఇంకా నాలుగు ఉదాహరణలు దొరికితే గట్టిగా చెబుతాను.

కలగూరగంపలో వెక్కిరింపు తరవాత వచ్చి చేరినదే. ఒక పొందిక లేని పుస్తకాన్ని అలా అంటే తిట్టు, సంతలో గంపను అంటే తిట్టు కాదు. నిస్సంకోచంగా రాయండి. అయితే పళ్లు, తేనె, పుట్టగొడుగులు కూడా మీ జాబితాలో ఉంటే కలగూర చాలదు. అప్పుడు 'అడవితిండి' అనవచ్చునేమో. ఫోరేజింగ్ అన్నా నేను కొట్టడానికి రాను. మురుగు కలిసే చెరువు గట్టున మాత్రం కోయకండి, ఇది వ్యాకరణం కాకపోయినా చెబుతున్నాను.

తుమ్మికూరే ఒప్పు. తెలంగాణలో వినాయక చవితికి వండుకునేది అదే. తుమ్మ వేరు, ముళ్లచెట్టు. గ్రూపులో 'తుమ్మకూర' అని పెట్టి ఉంటే, ఎవరైనా కొమ్మ విరుచుకురాకముందే దిద్దండి.