హన్నా నోరు మూసుకుని కూర్చోలేదు

ప్రశ్న: మాకు పెళ్లయి ఆరేళ్లు. రెండేళ్లలో పాప, ఆ తర్వాత ఉద్యోగం అనుకున్నాను. ఏదీ జరగలేదు. నా పరీక్షలన్నీ అయ్యాయి, లోపమేమీ లేదన్నారు. మావారు మాత్రం పరీక్షకు రానంటున్నారు. మొన్న తోటికోడలి బాబు పుట్టినరోజు ప్రార్థనకు చుట్టాలంతా వచ్చారు. బాబును ఎత్తుకోబోతే మా అత్తగారు "నువ్వు వంటింట్లో సంగతి చూడమ్మా" అని పంపేశారు. మావారు పక్కనే ఫోన్ చూసుకుంటున్నారు. అందరూ బైబిల్లోని హన్నాలా ఓర్చుకోమంటారు. ఓర్పు రావాలంటే ఏ వాక్యాలు చదవాలి? శుక్రవారం ఉపవాసం ఉండనా?
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: ఉపవాసం నీ ఇష్టం తల్లీ, ఒంట్లో ఓపిక ఉంటే ఉండు. వాక్యాల లిస్టు మాత్రం నేనివ్వను. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం చాలు. మీవాళ్లు దాన్ని సగమే చదివి నీకు అప్పజెప్పినట్టున్నారు.

హన్నాకు పిల్లల్లేరు, సవతి పెనిన్నాకు ఉన్నారు. ఏటా ఆరాధనకు షిలోహు మందిరానికి వెళ్లినప్పుడల్లా పెనిన్నా దెప్పుతుంటే హన్నా ఏడ్చేది, అన్నం ముట్టేది కాదు. నీకు ఓర్పు లేదనుకుంటున్నావే, ఆ లెక్కన హన్నాకూ లేదు. ఆమె ఏడుపును దేవుడు తప్పుపట్టలేదు. మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తుంటే, తాగి వచ్చిందనుకుని ఏలీ మందలించాడు. యాజకుడంతటివాడు అన్నాడు కదా అని తలవంచుకుని వెళ్లిపోయిందా? తాను తాగలేదని, మనసులో దుఃఖం ఉందని అక్కడే చెప్పింది. మర్యాద తప్పలేదు, నిజం దాచుకోలేదు. ఏలీ దీవించి పంపాడు. ఆ రోజే ఆమె భోజనం చేసింది, ముఖంలో దిగులు పోయింది. అప్పటికింకా కొడుకు సమూయేలు కడుపున పడనేలేదు.

ఇక హన్నా భర్త ఎల్కానా. భార్య అంటే ప్రేమే, రెండు పాళ్లు వడ్డించాడు. పదిమంది కొడుకులకన్నా నేనెక్కువ కానా అని ఓదార్చాడు కూడా. కానీ పెనిన్నాను ఒక్క మాట అన్నట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నదీ అదే. అత్తగారి మాట తప్పే, నాకూ కోపం వచ్చింది. అయినా ఆవిడ సంగతి తర్వాత. చుట్టాల ముందు నిన్ను పక్కకు నెడుతుంటే తలెత్తని మనిషి నీ భర్త. ఆరేళ్లుగా నిందంతా నీ మీదే పడనిచ్చింది కూడా ఆయనే. కట్టుకున్నదాని పరువు కాపాడటం మగవాడికి మొదటి బాధ్యత అని నమ్మేదాన్ని నేను. దాన్ని నీ ఓర్పుతో పూడ్చమని నీకు చెప్పలేను.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరికీ పరీక్షలు చేయాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే. మగవారికి మొదట చేసేది వీర్య పరీక్ష. సూది మందు, కోత ఏమీ ఉండవు. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి నమూనా ఇస్తే చాలు. అంత చిన్న పనికి ఆయన వెనకాడుతున్నారంటే లోపం బయటపడుతుందన్న టెన్షన్ కావచ్చు. ఆ భయాన్ని ఎగతాళి చేయకు. అలాగని దాన్ని నువ్వు మోయనూ వద్దు.

ఈ ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, అత్తగారు లేని చోట ఆయన్ని కూర్చోబెట్టి ఆ అధ్యాయం చదివించు. "మీరూ పరీక్షకు రావాలి, మళ్లీ నన్ను అలా అంటే మీరు మాట్లాడాలి" అని రెండే అడుగు. అప్పటికీ రానంటే మీ నాన్నగారినో, ఆయన మాట వినే సంఘ పెద్దనో కూర్చోబెట్టి మాట్లాడించు. ఏ సంగతైందీ నాకు రాయి.