చింతపండు జోలికి వెళ్ళకండి

ప్రశ్న: మా అమ్మమ్మగారి భోషాణంలో ఓ గుడ్డ సంచి నిండా పాత కానీలు (అణాలో పావు వంతు నాణేలు) దొరికాయండి, చిల్లు కానీలు కూడా ఉన్నాయి. కొన్ని నల్లగా ఉన్నాయి, కొన్నిటికి పచ్చగా ఏదో పట్టింది. అమ్మ చింతపండేసి తోమేద్దామంటోంది, తమ్ముడేమో ఆన్‌లైన్‌లో లక్షలొస్తాయంటున్నాడు. ఏం చెయ్యమంటారు? - పాఠకురాలు, రాజోలు

జవాబు: ముందు అమ్మగారిని ఆపండమ్మా! ఇత్తడి బిందెకైతే చింతపండు సరే, కానీలకి మాత్రం వద్దు. ఆ నల్లటి కాఫీరంగు పొర ఏళ్ల తరబడి పట్టింది, కొనేవాళ్లు చూసేదే అది, పులుపు తగిలితే అది పోయి కింద గులాబీరంగు బయటపడుతుంది, చూడగానే తోమారని తెలిసిపోయి రేటు పడిపోతుంది.

ఇక పచ్చదనం. గట్టిగా, నున్నగా ఉంటే దాని మానాన వదిలెయ్యండి. లేతపచ్చగా పిండిలా ఉండి టూత్‌పిక్‌తో గీకితే రాలుతోందంటే మాత్రం కష్టమే. మనవైపు సముద్రపు గాలిలో ఉప్పూ తేమా రెండూ ఎక్కువే కదా, అవి కలిసి కంచుని లోపల్నించి తినేస్తాయి. అలాంటివి విడిగా తీసి, ఇన్వర్టర్‌లో పోస్తామే ఆ డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, నీళ్లు మారుస్తూ కొన్ని వారాలైనా ఉంచాలి, తర్వాత బాగా ఆరబెట్టి చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లతో మూత గట్టి డబ్బాలో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటివల్ల కూడా జిగురుగా పచ్చ పడుతుంది.

చిల్లు కానీలు 1943 నుంచి 1947 దాకా వేసినవి. యుద్ధంలో లోహానికి కరువొచ్చి, అంతకుముందు దాదాపు 5 గ్రాములున్న కానీని 2 గ్రాములకి దించేశారు. పిల్లల మొలతాళ్లకి కట్టింది ఇవే. అయితే బోలెడు దొరుకుతాయి కాబట్టి పెద్ద ధర రాదు. విక్టోరియా రాణి బొమ్మవి రాగివి, కంచు కానీలు 1906లో మొదలయ్యాయి, ఆ రెంటినీ కలపకండి.

లక్షల మాటకొస్తే, పాత నాణేల కొనుగోలుతో తమకి సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ముందు కమీషన్ కట్టండి, టాక్స్ కట్టండి అని ఎవడైనా ఫోన్ చేస్తే తమ్ముణ్ణి వెంటనే కట్ చెయ్యమనండి.

మీరు భూతద్దం పెట్టి చూడాల్సింది 1911 నాటి కానీని. అయిదో జార్జి అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది, తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని జనం గోల పెడితే 1912లో అచ్చు మార్చేశారు. అది దొరికితే తోమకుండా బొమ్మవైపు ఫోటో తీసి పంపండి, అరిగిందో లేదో చూసి చెప్తాను.