మూడు రోజుల మైలతో తీరే దుఃఖమా అది?

ప్రశ్న: మాది చిక్కడపల్లి. నాకు 38 ఏళ్లు. నాన్న చిన్నప్పుడే పోతే మేనమామే పెంచి, చదివించి, పెళ్లి చేశాడు. అయిదు నెలల క్రితం ఇందిరా పార్కులో నడుస్తూ గుండెపోటుతో పోయాడు. 61 ఏళ్లు. నాకు మూడు రోజుల మైలేనన్నారు, నాలుగో రోజు ఆఫీసుకు వెళ్లాను. ఇప్పుడు రోజూ రాత్రి రెండింటికి మెలకువొచ్చి గుండె దడదడలాడుతోంది. గంటసేపు నాడి పట్టుకుని కూర్చుంటాను. మూడు ఈసీజీలు, ఒక టూడీ ఎకో తీయించాను. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మొన్న మా తొమ్మిదేళ్ల పాప ‘నువ్వూ చచ్చిపోతావా అమ్మా?’ అనడిగితే వంటింట్లోకి పారిపోయాను. నాకు పిచ్చెక్కుతోందా?

జవాబు: పిచ్చి కాదమ్మా. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఈసీజీల దగ్గర కాదు, ‘నాలుగో రోజు ఆఫీసుకు వెళ్లాను’ అన్నచోట. తండ్రిలా పెంచిన మనిషికి మీరు ఏడ్చింది మూడు రోజులు. మైల లెక్కలు ఇంటిపేరును చూస్తాయి, ఎవరు ఎవరికి అన్నం కలిపి పెట్టారో చూడవు. ఆ మిగిలిన ఏడుపే రాత్రి రెండింటికి దడగా వస్తోందని నా అనుమానం.

ముందు గుండె సంగతి. కుటుంబంలో గుండెజబ్బు ఉందా అని డాక్టర్లు అడిగేది ముఖ్యంగా అమ్మానాన్నలు, తోబుట్టువుల గురించి. అదీ మగవాళ్లకు 55, ఆడవాళ్లకు 65 ఏళ్ల లోపు వచ్చిందా అని. మేనమామకు 61లో రావడం ఆ లెక్కలోకి రాదు. ఒక్క డాక్టరునే పట్టుకుని, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో ఆయననే అడగండి. మధ్యలో ల్యాబుకు వెళ్లొద్దు. నడిస్తే ఛాతీ బిగిసినా, నొప్పి చేతికో దవడకో పాకినా మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

రాత్రి దడ వేరు. భయంతో ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను ఎగజిమ్మి గుండె వేగం పెరుగుతుంది. మీరు నాడి పడతారు, వేగంగా ఉందని ఇంకా భయపడతారు, అది ఇంకా పెరుగుతుంది. ఊపిరి మెల్లగా వదులుతూ ఉంటే ఆ ఉధృతి సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే తగ్గుతుంది. నాడి పట్టుకోకుండా ఉండటం మొదటి వారం చాలా కష్టం. రోజూ పట్టే గంటను ముందు అరగంటకు దించండి చాలు. (నా దగ్గరికి మందమైన రిపోర్టుల ఫైలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు ఎందరో. ఆ ఫైలు బరువు పెరిగేకొద్దీ భయం తగ్గిన మనిషిని నేను చూడలేదు.)

ఇక మామయ్య. మీ ఇంట్లో ఆయన పేరు ఎత్తి ఎన్నాళ్లయింది? ఈ ఆదివారం మీ వారిని కూర్చోబెట్టి, ‘నాకు ధైర్యం చెప్పకండి, కాసేపు వినండి చాలు’ అనండి. ‘ఊరికే భయపడతావు’ అనే మగవాళ్లలో చాలామందికి ఏం చేయాలో తోచకే ఆ మాట వస్తుంది. తర్వాత పాపను తీసుకుని అత్తయ్య దగ్గరికి వెళ్లండి. ఓదార్చడానికి కాదు, ఆయన కబుర్లు చెప్పుకోవడానికి.

పాప మళ్లీ అడుగుతుంది. ‘అవును నాన్నా, ఎప్పుడో ఒకరోజు అందరూ పోతారు. ఇప్పుడు నేను బాగున్నాను, డాక్టరు కూడా చూశారు. నీ దగ్గర నేనున్నాను, నాన్న ఉన్నారు, అమ్మమ్మ ఉంది’ అని చెప్పండి. ‘ఛ, అలాంటి మాటలొద్దు’ అంటే ఆ పిల్ల అడగడం మానేస్తుంది. భయపడటం మానదు.

ఆరు నెలలు దాటాక కూడా ఆఫీసు, ఇల్లు, నిద్ర ఏదీ సాగకపోతే మానసిక నిపుణులకు చూపించుకోండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆరు గంటలు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

చివర్లో చిన్న అక్షరాలతో ఒకటి అడిగారు: మామయ్య వాకింగ్ బూట్లు ఇంకా అత్తయ్య గుమ్మం దగ్గరే ఉన్నాయి, తీసి లోపల పెట్టనా అని. వద్దు. ఎప్పుడు తీయాలో అత్తయ్యకే వదిలేయండి. ఈసారి వెళ్లినప్పుడు మీ చెప్పులు వాటి పక్కనే విడవండి.